ముగ్సైల్‌లో ఇరవై నిమిషాలు

2023 చలికాలం, ఒమన్‌లోని సలాలా రేవు. క్రూయిజ్ షిప్‌లు వచ్చే రోజుల్లో టూరిస్టులను బస్సులెక్కించి, సముద్రతీరమంతా చూపించి మళ్లీ షిప్ దగ్గర దించడం మా కంపెనీ పని. ఏ బస్సు ముందు ఎటు వెళ్లాలో రేవులో నిలబడి చెప్పేది నేను. దీన్ని డిస్పాచ్ అంటారు. పదకొండేళ్లుగా ఇదే డ్యూటీ, కళ్లు మూసుకుని చేయగలనని గొప్పగా ఉండేది.

ప్రతి బస్సులో షిప్ సిబ్బంది ఒకరు నంబరు బోర్డు పట్టుకుని ఎస్కార్ట్‌గా వస్తారు. గదులు ఊడ్చేవాళ్లకు, గిన్నెలు కడిగేవాళ్లకు ఊరు చూసే అవకాశం చాలాసార్లు అదొక్కటే. ఆ చలికాలంలోనే ఒక వారం నాకు సత్యవతి అనే ఆవిడ ఫోన్ చేసింది. రాజోలు దగ్గరి మనిషి, సలాలాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఆ ఇంటికి సరుకులు తెచ్చే తెలుగు కొట్టతని దగ్గర నా నంబరు సంపాదించిందట.

“బాబుగారూ, మా అమ్మాయి దుర్గ ఈ శుక్రవారం వచ్చే షిప్పులో గదులు సర్దుద్దండి. దాన్ని పదమూడేళ్లప్పుడు వదిలొచ్చేనండి. ఒకసారి సెలవెట్టి ఇంటికెళ్తే అది ట్రైనింగులో ఉందండి. ఎనిమిదేళ్లయిందండి చూసి.”

ఆవిడను ఇంట్లోంచి ఒంటరిగా బయటికి పంపరు. కానీ శుక్రవారం మేడం కుటుంబం ముగ్సైల్ బీచ్‌కు వెళ్తోంది, పిల్లలను చూసుకోవడానికి ఈవిడా వెళ్తుంది. మధ్యాహ్నం జుమ్మా నమాజు ఉంది కాబట్టి పదిన్నరకే తిరుగు ప్రయాణం. ముందు అటు వెళ్లే మా బస్సులు తొమ్మిదిన్నరకు అక్కడ ఆగుతాయి. దుర్గ అడిగి ఎస్కార్ట్ డ్యూటీ వేయించుకుంది, నేనెక్కే నాలుగో బస్సు ఇప్పించాను, ఆ రోజు దాన్ని ముందు ముగ్సైల్‌కే పంపాలనుకున్నాను.

ఆ ఉదయం ఆరు బస్సులూ వరసగా నిలబడ్డాయి. ఆరూ ఒకేచోట ఆగితే ఫోటోల్లో సముద్రం కంటే జనమే ఎక్కువ కనిపిస్తారని, సగం బస్సులను ముందు ఎదురు దిక్కుకు పంపడం మా అలవాటు. మొదటి మూడూ పడమరకు, ముగ్సైల్. మిగతా మూడూ తూర్పుకు, తాఖా. నోటికి అలవాటైన మాట, అనేశాను. నాలుగో బస్సే నేనూ ఎక్కాను.

ఊరు దాటుతుండగా దుర్గ నా సీటు దగ్గరకు వచ్చింది. “సార్, ముగ్సైల్ ఇటేనా?”

అప్పటిదాకా నాకు గుర్తే రాలేదు. వెంటనే సత్యవతికి ఫోన్ చేసి, ఒంటిగంటకు గానీ రాలేమని చెప్పాను.

“అప్పటికి మేమెళ్లిపోతామండి,” అంది. “బస్సు వెనక్కి తిప్పడం కుదరదాండీ?” అని అడిగింది.

అప్పటికింకా తొమ్మిది కాలేదు. తిప్పితే పదింటికల్లా చేరేవాళ్లం. నలభై మంది టూరిస్టులు ఏమంటారో, ఎవరైనా కంప్లైంట్ రాస్తే కంపెనీ ఏమంటుందో అని భయపడ్డాను. వాళ్లను ఒక్కమాట అడిగి చూడొచ్చు. అదీ చేయలేదు. “కుదరదమ్మా” అన్నాను. దుర్గ అంతా విని తన సీటుకు వెళ్లిపోయింది.

ఒంటిగంటకు ముగ్సైల్ చేరాం. ఒడ్డున వరసగా సిమెంటు పందిళ్లు ఉంటాయి. వెళ్లిపోయే ముందు సత్యవతి ఫోన్ చేసి గుర్తు చెప్పిన మూడో పందిట్లో, రాయి బరువు పెట్టిన కవరు కనబడింది. లోపల కొబ్బరి లడ్డూలు. బయటి తిండి షిప్‌లోకి రానివ్వరు. మేం ఆగేది ఇరవై నిమిషాలు. ఆ పిల్ల ఒక చేత్తో బోర్డు పట్టుకుని, సముద్రం వైపు తిరిగి, ఒకదాని తర్వాత ఒకటి తింటూనే ఉంది. మధ్యలో ఎవరో టూరిస్టు ఫోటో తీయమంటే చెయ్యి తుడుచుకుని తీసిచ్చి, మళ్లీ తింది. నేను చూడలేక బస్సు చాటుకు వెళ్లి ఏడ్చాను.

సాయంత్రం, షిప్ వెళ్లిపోయాక సత్యవతి ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

“ఫోన్లో మొహం ఒక్కటే కనబడుద్దండి. పొడుగెంతుందో తెలీదండి. నా అంతుందాండీ?”

ఆవిడను నేనెప్పుడూ చూడలేదు. ఉందమ్మా అన్నాను.

ఆ షిప్ మళ్లీ సలాలా రాలేదు. ఇప్పుడు బస్సులకు దారి చెప్పే ముందు ఎస్కార్టులను అడుగుతాను, దారిలో మీకోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారా అని. ఇంతవరకు అందరూ లేదనే చెప్పారు. ఉన్నది ఆ ఒక్కసారే, అప్పుడు నేను అడగాల్సిన పని కూడా లేదు. నాకు ముందే తెలుసు.