మాబు సాబ్ పడవకు తారూ, తుమ్మపట్టీలూ

ఎమ్మిగనూరులో ఎద్దులబండ్లు చేసే మాబు సాబ్ పడవ చేస్తాడని ఎవరూ అనుకోలేదు. చేయించింది సోమప్ప మీద కోపం.

1977లో తుంగభద్ర అవతలి ఒడ్డున ఉండే అక్క జహీరా బీ చనిపోయిందని కబురొచ్చింది. మాబు సాబ్ రేవుకు పరుగెత్తాడు. అక్కడ జనాన్ని పుట్టిలో, అంటే గుండ్రటి బుట్టపడవలో, ఏరు దాటించే సోమప్పకూ అతనికీ చాలాకాలంగా మాటల్లేవు.

"పుట్టి నిండితే గాని కదల్దు. నీ ఒక్కనికోసరం తెడ్డెయ్యను," అన్నాడు సోమప్ప.

మాబు సాబ్ బతిమాలాడు, తిట్టాడు, చివరికి బస్సులు మారి రాయచూరు మీదుగా చుట్టు తిరిగి పోయాడు. చేరేసరికి అక్కను పూడ్చి మట్టి ఇచ్చేసి మనుషులు ఇళ్లకు మళ్లారు. బావ జిలాని బాషా అతని మొహం చూడలేదు.

ఆ ఏడే పెరట్లో టేకుపలకలతో పడవ మొదలుపెట్టాడు. పూత కోసం ఆదోనిలో భీమసేనరావు రంగుల అంగడికి పోయాడు.

"తాగను నీళ్లు లేని ఊర్లో పడవేందప్పా?" అన్నాడు భీమసేనరావు, నవ్వకుండానే. "తలుపులకేసే పచ్చరంగు ఉంది, తీస్కపో."

"నీళ్లల్లో నిలుస్తాదా?"

"నిలుస్తాదని సెప్తాండా గదా. నమ్మకపోతే ఇంగ యాడన్నా కొనుక్కో."

మాబు సాబ్ చిన్న డబ్బా ఒకటే కొన్నాడు. ఇంటికొచ్చి మూడు చెక్కముక్కలు తీసుకుని, ఒకదానికి ఆ రంగు, ఒకదానికి అవిసెనూనె, మరోదానికి కాచిన తారు పూసి, రాళ్లు కట్టి బట్టలుతికే తొట్టిలో ముంచాడు. భార్య హజరా బీ ఇరవై రోజులు పక్కింట్లో బట్టలుతుక్కుని, ఆ ఇరవై రోజులూ అతన్ని తిట్టింది. తీసి చూస్తే పచ్చరంగు బొబ్బలెక్కి ఊడుతోంది. నూనె చెక్క ఉబ్బింది. తారు చెక్క మాత్రం ముంచినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆ బొబ్బల చెక్కను ఆదోనికి పట్టుకుపోయి అంగడి బల్ల మీద పెట్టాడు.

"చెక్క పచ్చిదై ఉంటాది," అన్నాడు భీమసేనరావు.

"కోసింది నేను. పచ్చిదో ఎండిందో నాకు సెప్పొద్దు."

భీమసేనరావు చెక్కను బల్ల మీంచి కిందికి తోసేశాడు. మాబు సాబ్ మళ్లీ ఆ గడప తొక్కలేదు. పడవ అడుగంతా తారే పూశాడు.

ఇక అడుగుదూలం, పడవ కింద పొడుగునా వెన్నెముకలా పోయేది. ఏరంతా బండలు కాబట్టి దూలాన్ని కాచడానికి కింద పట్టీలు కొట్టాలి.

"బండి చక్రానికి ఇనుప పట్టా ఏస్తావు గదా, దీనికీ అదే ఎయ్యి," అంది హజరా బీ.

"ఇనుము బండకు తగిలితే మేకు పెరుక్కుంటాది, దూలానికి బొక్క పడతాది. తుమ్మచెక్క పట్టీ ఏస్తాండా."

"అది అరిగిపోతాది."

"అరగనీకే ఏసేది. పట్టీ అరిగితే మార్చుకుంటాం, దూలం పోతే పడవే పోతాది."

పడవను బండికెత్తి రేవుకు తెచ్చిన రోజు సోమప్ప మనుషులు ఒడ్డున నిలబడి ఉమ్మేశారు. మూడోనాడు మాబు సాబ్ రేవు పక్క ఊర్లోకి అన్నానికి పోయి వచ్చేసరికి పడవ బండల మీద బోర్లా పడివుంది. పట్టపగలే ఈడ్చారు. రెండు పట్టీలు చీలిపోయాయి, తారు గీసుకుపోయింది. పలక ఒక్కటీ పగల్లేదు.

"ఎవురు ఈడ్సింది?" అన్నాడు.

"ఏరు ఈడ్సింటాది," అన్నాడు సోమప్ప.

మాబు సాబ్ సుత్తి, మేకులు తెచ్చి, వాళ్లు చూస్తుండగానే కొత్త పట్టీలు కొట్టాడు. మేకు మేకుకూ సోమప్ప వైపు చూశాడు. 

శుక్రవారం హజరా బీని ఎక్కించుకుని ఏరు దాటాడు. అక్క సమాధి దగ్గర కూర్చుని లేచి, బావ ఇంటికి పోయాడు.

"మట్టికి రానోనివి, పడవ చూపీడానికి వచ్చినావా?" అని జిలాని బాషా తలుపేసుకున్నాడు.

మరుసటేడూ అంతే. మాబు సాబ్ మాత్రం వానలు తగ్గినాక ప్రతి ఏడూ తారు పూసి పోతూనే ఉన్నాడు. 1981లో జిలాని బాషా తనంతట తానే ఒడ్డుకొచ్చాడు. ఇసుక మీదికి లాగి పక్కకు ఒరిగించిన పడవ కింద వేలు పెట్టి తడిమాడు.

"ఈ పట్టీ అరిగిపోయింది. మార్చు," అన్నాడు.

"సంచిలో ఉంది బావా," అన్నాడు మాబు సాబ్.

 మాబు సాబ్ మేకులు కొడుతున్నంతసేపూ జిలాని బాషా పడవ కదలకుండా అంచు పట్టుకుని నిలబడ్డాడు.