గెజిట్‌లో లేని అధ్యాయం

మా అక్క కూతుర్ని ఇంట్లో అందరం 'సెక్షన్' అంటాం. లా రెండో ఏడు చదువుతోంది. టీ చల్లారిపోతే అది ఏ సెక్షన్ కింద నేరమో చెబుతుంది. వ్యవహారం నా టైలరింగ్ షాపు మీదికి వచ్చేదాకా నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

కొత్త అద్దె చట్టం వచ్చిందనీ, నెలలోగా షాపు ఖాళీ చేయాలనీ యజమాని నోటీసు పంపాడు. ఈ మిషన్లు ఎక్కడ పెట్టుకోను? ఈ వీధి వదిలితే నన్ను వెతుక్కుంటూ ఎవరొస్తారు?

సాయంత్రానికి పిల్ల గంతులేస్తూ వచ్చింది. "పిన్నీ, దొరికింది! చిన్న షాపులకి ఈ చట్టం వర్తించదు!" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. సిగ్గెందుకు, కత్తెర చేతిలో ఉండగానే నేనూ తిరిగాను.

మర్నాడు మొహం వేలాడేసుకుని వచ్చింది. తను చదివింది బిల్లట, చట్టం కాదట. సభలో పాసయ్యేటప్పుడు ఆ వాక్యం కాస్తా ఎత్తేశారట.

"ఓసి నీ చదువు తగలెయ్య! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అని మండిపడ్డాను.

"తిట్టు పిన్నీ, పడతాను. ఇంకొక్కటి చూడాలి," అని ముక్కు చీదుకుని కాలేజీ లైబ్రరీకి పరుగెత్తింది.

ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన రోజు నుంచే అమల్లోకి వస్తుందనీ, ఒక్కో అధ్యాయానికి ఒక్కో తేదీ ఉండొచ్చనీ చట్టం మొదటి పేజీలోనే ఉందట. దాంతో చట్టం పాసైనప్పటి నుంచి వచ్చిన గెజిట్లన్నీ తిరగేసింది. మొదటి రెండు అధ్యాయాలే అమల్లోకి వచ్చాయి. ఖాళీ చేయించే అధ్యాయం రాలేదు! పాత చట్టాన్ని రద్దు చేసే సెక్షనూ రాలేదు. ఆ పాత చట్టం ప్రకారం, నాలా అద్దె సరిగ్గా కట్టేవాళ్లని ఊరికే వెళ్లగొట్టడానికి వీల్లేదు.

కబురు పెడితే షాపుకొచ్చిన యజమాని ఆ గెజిట్ కాపీలు చూసి, అక్కడే నిలబడి తన లాయరుకి ఫోన్ చేశాడు. చాలాసేపు "ఊఁ... ఊఁ..." అన్నాడు. చివరికి "సరేలేమ్మా, నోటీసు వెనక్కి తీసుకుంటున్నా," అని నసిగాడు.

ఆయన వీధి మలుపు తిరగడమే ఆలస్యం, మేమిద్దరం పెట్టిన కేకలకి పక్క షాపు వాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. ఆ ఊపులోనే టేపు లాగి పిల్ల భుజాలు కొలవబోయాను.

"ఏంటి పిన్నీ ఇది?"

"నల్లకోటు."

"నా చదువింకా అవలేదే!"

"అయ్యేసరికి ఈ షాపు ఇక్కడే ఉంటుందిగా?"

పిల్ల నవ్వు ఆపింది. "చెప్పలేను పిన్నీ. ఆ అధ్యాయం ఏ రోజైనా అమల్లోకి రావచ్చు. రోజూ గెజిట్ చూస్తూనే ఉంటాను."

"అయితే ఇప్పుడే కుట్టేస్తా. చేతులు చాపు," అన్నాను.