చీటీ తీసిన చెయ్యి

మా సయా గారు పోయారు. పొద్దున్నే టీ తీసుకెళ్లిన ఆయన చెల్లెలు, ఎంత పిలిచినా అన్న లేవడం లేదని మా మెట్ల కింద నిలబడి నన్ను కేకేసింది. నేను వెళ్లేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. కుడిచెయ్యి ఒంటికింద ఉంది. ఇద్దరం కలిసి దాన్ని మెల్లగా బయటికి తీశాం.

సయా అంటే మా తాతలు వలస వచ్చిన ఈ దేశపు మాటలో మాస్టారు. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా వీధి పిల్లలందరికీ ట్యూషన్ చెప్పింది ఆయనే. అంతకుముందు ఓడల్లో గుమాస్తాగా చేశారు. హాంబర్గ్ రేవులో ఓడ ఆగినప్పుడల్లా, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అక్కడి జనం ఎలా బతికారో చెప్పే నవలలు పాత పుస్తకాల కొట్టులో వెతికి కొనేవారట. ఆదివారం మధ్యాహ్నాలు అమ్మవారి గుడి అరుగు మీద మేం పూలు కడుతుంటే, ఆ ఇంగ్లీషు పుస్తకాలను మాకు తెలుగులో చెప్పేవారు. పేజీ మడిచేవారు కాదు, గుర్తుగా అగ్గిపుల్ల పెట్టుకునేవారు.

స్కూలు చదువుతో ఆగిపోయిన నాకు ప్రపంచం తెలిసింది ఆ అరుగు మీదే.

ఒక కథలో చిన్న రైలు స్టేషన్లో గంట కొట్టే ముసలాయన ఉంటాడు. యుద్ధకాలంలో మనుషుల్ని చావుకు తీసుకెళ్లిన రైళ్లకూ అతనే గంట కొట్టాడు. యుద్ధం ముగిశాక, ఎందుకు కొట్టావని కూతురు అడుగుతుంది. "నేను గంటే కొట్టాను, రైలు నడపలేదు" అంటాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల తండ్రితో కలిసి అన్నం తినదు.

పక్కింటి వదిన నవ్వేసింది. "గంట కొట్టినోడికేటి పాపం సయా గారూ? మన పూజారి గంట కొడితే రైలెల్లిపోద్దేటి?"

అందరం నవ్వాం. ఆయనా నవ్వారు. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుంటూ, "సంపినోడి కత సెప్పడం సులువమ్మా. పక్కన నిలబడ్డోడి కతే కష్టం. ఆడు మనలాగే ఉంటాడు" అన్నారు.

తర్వాత దేశంలో కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలోకి తీసుకునే చట్టం వచ్చింది. మా పేటలో ఎవరు వెళ్లాలో చీటీలు వేసి తేల్చాలన్నారు. వీధిలో అందరూ నమ్మేవాళ్లెవరైనా తీస్తే గొడవ ఉండదన్నారు. ఆడవాళ్లందరం సయా గారింటికి వెళ్లాం.

"నన్నొదిలేయండమ్మా" అన్నారు ఆయన.

వదిన ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఆమెకు ఒక్కడే కొడుకు, లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో పని. "మీరు తీస్తే నాకు దైర్యం సయా గారూ. అచ్చరాలు దిద్దించిన సెయ్యి. మావోడి పేరు దానికి రాదు."

ఆయన వెళ్లారు. చీటీల డబ్బాలో చెయ్యి పెట్టారు. వచ్చింది ఆ పేరే.

కుర్రాడు వెళ్లిన దగ్గర్నుంచి కొన్నాళ్లు ఫోను చేశాడు. వానలు మొదలయ్యాక అదీ లేదు. ఉన్నాడో లేడో చెప్పే మనిషి లేడు. వదిన ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. సయా గారు రోజూ పొద్దున్నే వెళ్లి ఆమె గడప బయట కూర్చునేవారు. ఆమె ఆయన్ని దాటుకుని బజారుకు వెళ్లేది, దాటుకుని లోపలికి వచ్చేది.

నేను చూడలేక ఒకరోజు అన్నాను: "సయా గారూ, అది దేవుడి నిర్ణయం. మీరేం చేస్తారు?"

"దేవుడి మీదికి తోసెయ్యకమ్మా. అది నా సెయ్యి. నేను కాదంటే ఇంకోడు తీస్తాడు, ఆడు మోసం చేస్తాడు అనుకున్నాను. ఆ గంట కొట్టినాయనా ఇలాగే అనుకుని ఉంటాడు. ఆడి మీద నేను శానా తేలిగ్గా తీర్పు చెప్పేశాను" అన్నారు.

ఆ తర్వాత ఆయన కథ చెప్పలేదు. గుడికి మాత్రం వచ్చేవారు. తీర్థానికి ఎడమచెయ్యి పట్టారు ఒకసారి.

"ఎడం సెయ్యేటి సయా గారూ?" అని పూజారి గదమాయించాడు.

ఆయన ఆ చెయ్యీ వెనక్కి తీసుకుని, తీర్థం లేకుండానే వెళ్లిపోయారు. నేను చిన్నప్పటి నుంచీ అమ్మవారిని నమ్ముకున్నదాన్ని. ఆ రోజు ఆమెకు ఎలా దండం పెట్టాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ రోజూ ఆ కుర్రాడి పేరు చెప్పి దీపం పెడుతున్నాను.

పాడె ఎత్తే ముందు ఆడవాళ్లం వరసగా ఆయన నోట్లో బియ్యపు గింజలు వేస్తున్నాం. అప్పుడు వదిన వచ్చింది. పక్కకు జరిగి దారి ఇచ్చాం. పళ్లెంలోంచి గుప్పెడు బియ్యం తీసుకుని ఆయన ముఖం మీదికి వంగింది. అలాగే ఉండిపోయింది.

"వెయ్యమ్మా, పొద్దుపోతంది" అన్నారెవరో.

"వద్దొద్దంటే మనమే కదా ఎట్టించాం ఆ సెయ్యి" అంది వదిన, చాలా మెల్లగా. "నానే కాళ్లట్టుకున్నాను. ఇయ్యి ఎయ్యాలంటే నాకు సెయ్యి రావట్లేదు. పారెయ్యాలన్నా రావట్లేదు."

తిరిగి వీధిలోకి నడిచింది. మలుపు దగ్గర పుణ్యం కోసం జనం పావురాలకు గింజలు చల్లే చోట ఆగింది. ఆమె చెయ్యి చూసి పావురాలన్నీ ఒక్కసారిగా దిగి కాళ్ల చుట్టూ మూగాయి. వదిన వాటి మధ్య నిలబడే ఉంది. పిడికిలి విప్పలేదు.