రెండు రోజుల పట్నం కాపురం

నాకు నోరెక్కువ. మా వాడకట్టులో ఎవర్నడిగినా ఆ మాట చెప్తారు. పొద్దున్నే బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చున్నానంటే పొద్దుగూకేదాకా చెయ్యీ ఆగదు, నోరూ ఆగదు. అట్లాంటిదాన్ని ఒక శనివారం, ఒక ఆదివారం హైదరాబాదులో నోరు మూసుకుని బతికాను. ఎందుకో చెప్తాను.

మా ఆయన దుబాయిలో డ్రైవరు. పోయి పదకొండేళ్ళు. మధ్యలో నాలుగుసార్లు వచ్చాడు, వచ్చినప్పుడల్లా రెండు నెలలు. పిల్లలెందుకు కాలేదని అడిగేవాళ్ళను పోయి ఆ విమానాన్నే అడగమంటాను. ఈ ఏడాది మక్కజొన్న కంకి వేసే వేళకు ఆయన అగ్రిమెంటు అయిపోవచ్చింది. ఇంకో మూడేళ్ళకు సంతకం పెట్టాలి, లేదంటే తిరిగి రావాలి. మాకు పొలం లేదు, ఊళ్ళో ఆయన చేసే పనీ లేదు. హైదరాబాదులో మాత్రం బండి నడిపే కొలువు ఒకటి ఉందని తెలిసినవాళ్ళు చెప్పారు.

"నువ్వు సిటీల ఉంటనంటే వచ్చేస్త. ఉండనంటే సంతకం పెడ్త. నీ ఇష్టం," అన్నాడు ఫోన్లో.

ఆయనతో పనిచేసే ఒకాయనకు హైదరాబాదులో ఇల్లుంది. మూడో అంతస్తు, ఖాళీగా ఉంది, మాకే కిరాయికిస్తానన్నాడట. తాళంచెవి కామారెడ్డిలో వాళ్ళ బావమరిది దగ్గర ఉంది. "శనివారం, ఐతారం గాడ ఉండి సూడు. సుట్టం లెక్క కాదు, సిటీవాళ్ల లెక్క ఉండు. ఐతారం పొద్దూకినంక ఫోన్ జేస్త. ఏదో ఒకటి చెప్పు," అన్నాడు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. పదకొండేళ్ళ తర్వాత మొగుడూ పెళ్ళాం ఒకచోట కూర్చుని అన్నం తినడమంటే చిన్న సంగతా? పట్నమైతే ఏంది? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకున్న ఆస్తే నోరు.

నానబెట్టిన తునికాకు ఎండిపోతుందని తడిగుడ్డలో చుట్టి, తంబాకు, కత్తెర, దారం, చాటతో సహా సంచిలో పెట్టుకున్నాను. సోమవారం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పాలి మరి. పక్కింటి అవ్వ పది మక్కకంకులు కట్టిచ్చింది. "కొత్తింటికి ఉత్త చేతులతోని పోతరానే? ఇరుగుపొరుగుకియ్యి," అంది. లింగంపేట మీదుగా కామారెడ్డి పోయి, తాళంచెవి తీసుకుని, అక్కడినుంచి హైదరాబాదు బస్సెక్కాను. చాట సంచిలోంచి పొడుచుకొచ్చి దారి పొడుగునా పక్కసీటాయన మోకాలికి తగులుతూనే ఉంది. పాపం, ఏమీ అనలేదు.

ఇల్లు బాగుంది. అబద్ధమెందుకు? నల్లా తిప్పితే నీళ్ళు, కిటికీ తీస్తే గాలి, అద్దంలాంటి నేల. ఊడ్చి, మొహం కడుక్కుని, కంకులు పళ్ళెంలో పెట్టుకుని ఎదురింటి తలుపు కొట్టాను. తలుపు జానెడు తెరుచుకుంది. లోపల గొలుసు వేసి ఉంది. ఆ సందులోంచి నా ఈడు ఆమె కంకుల వంక చూసి, "మాకేం వద్దండి," అంది.

"అమ్మనీకి రాలే అక్కా. గీ ఎదురింట్ల దిగిన. మా ఊరి మక్కలు, తినుండ్రి."

"పర్లేదండి, వద్దు," అంది. తలుపు పడింది.

అదే వరుసలో ఇంకో రెండు తలుపులున్నాయి. ఒకదానికి తాళం. ఇంకోదాని లోపల టీవీ మోగుతోంది గానీ ఎంత కొట్టినా ఎవరూ రాలేదు. ఒకరింటికి పట్టుకుపోయిన తిండిని మళ్ళీ ఇంటికి తెచ్చుకోవడం నా జన్మలో అదే మొదలు. కంకులమ్మే మొహమా నాది అని మండిపోయింది. అమ్మితే మాత్రం తప్పేముంది, అది వేరే సంగతి.

సరే, సిటీవాళ్ళలా ఉండమన్నాడు గదా అని సాయంత్రం మంచి చీర కట్టుకుని మెట్రో రైలెక్కాను. నిలబడ్డవాళ్ళూ కూర్చున్నవాళ్ళూ అందరూ ఫోన్లలోకి తలలు వంచుకున్నారు. పక్కనున్న పిల్ల జడ ఎంత పొడుగుందో, మెచ్చుకుందామని నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. దిగినచోట ఒక పార్కుంటే అందులోకి పోయాను. మనుషులు గుండ్రంగా తిరుగుతున్నారు. ఎదురొచ్చిన ఒకామెను అలవాటు కొద్దీ అడిగాను, "ఎటు వోతున్నరక్కా?" అని.

ఆమె ఆగి, చెవిలోంచి ఏదో తీసి, "ఏంటండీ?" అంది. మళ్ళీ అడిగాను.

"ఎక్కడికీ లేదు. వాకింగ్," అని చెవిలోది చెవిలో పెట్టుకుని పోయింది. ఇంకో చుట్టు తిరిగి నా ముందుకొచ్చినప్పుడు మొహం అటు తిప్పుకుంది. నేనేం అడగరాని మాట అడిగానో నాకిప్పటికీ తెలియదు. వచ్చేటప్పుడు దారిలో బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. చుట్టూ ఇరవై మంది తింటున్నారు. అంతమంది నడుమ ఒక్కదాన్నే తినలేక సగం వదిలేసి వచ్చాను.

ఆదివారం పొద్దున చూస్తే ఆకు ఎండిపోతోంది. చేతులూ ఊరుకోవడం లేదు. చాట తీసుకుని గడప దాటి, తలుపు ముందు వరండాలో కూర్చున్నాను. మా దిక్కు ఆడది చాటతో గడపలో కూర్చుందంటే రా, కూర్చో, మాట్లాడు అన్నట్టే. నోటితో పిలవక్కర్లేదు. దారిన పోయేది ఎవరైనా సరే కూర్చుని, అడక్కుండానే మన చాటలోంచి నాలుగాకులు తీసి నాలుగు బీడీలు చుట్టి, నాలుగు ముచ్చట్లు చెప్పి పోతుంది. ఇక్కడ మాత్రం ఒక్కరైనా రాకపోతారా అనుకున్నాను. ఆకు కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, దారం కట్టి, బీడీ మూతి మలుస్తూ కూర్చున్నాను. లిఫ్టులోంచి దిగిన ఒకాయన ముక్కు మూసుకుని పోయాడు. ఎదురింటి తలుపు జానెడు తెరుచుకుని మళ్ళీ పడింది. అదుగో, ఆమె చీర సర్దుకుని వస్తుంది కాబోలనుకుని పక్కకు జరిగి చోటు కూడా చేశాను.

వచ్చింది వాచ్‌మన్. నడివయసు మనిషి. "అమ్మా, కంప్లైంట్ వచ్చింది. తంబాకు వాసనకు పిల్లలు దగ్గుతున్నరంట. లోపల చేసుకోండ్రి, తలుపేసుకొని," అన్నాడు.

ఆ యాస వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. లేవమన్నాడన్న సంగతి తర్వాత తట్టింది. "ఏ ఊరన్నా మీది?" అన్నాను.

"పిట్లం."

"ఓయమ్మో! మాది ఎల్లారెడ్డి దగ్గర్నే! ఎన్నేండ్లాయె ఈడికొచ్చి?"

"తొమ్మిదేండ్లు."

"గీళ్లు మాట్లాడ్తరా నీతోని?"

"గేటు తియ్యమంటరు, గేటు పెట్టమంటరు. గంతే," అన్నాడు.

నిన్నటి కంకులన్నీ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. వద్దనలేదు. ఒక కంకి పొట్టు ఒలిచి వాసన చూసి, "ఈసారి వానలు మంచిగ పడ్డయా?" అని అడిగాడు. చెప్పాను. మీ చెరువు నిండిందా అన్నాడు, అదీ చెప్పాను. ఇంకా ఏదో అడగబోతుంటే కింద కారు హారన్ కొట్టింది. కంకులు రుమాల్లో కట్టుకుని మెట్లు ఉరుక్కుంటూ దిగిపోయాడు.

తలుపేసుకున్నాను. లోపల కూర్చుని బీడీలు చుడుతూ ఏడ్చాను. సన్నగా కాదు, బోరున. మా ఊళ్ళో అట్లా ఏడిస్తే చేతిలో పని చేతిలోనే వదిలేసి నాలుగిండ్లవాళ్ళు ఉరికొస్తారు. ఇక్కడ నేను ఏడుస్తూనే ఉన్నాను, ఎదురింట్లో కుక్కర్ మూడు విజిళ్ళు వేసింది. వాళ్ళు దుర్మార్గులేం కాదు, ఎవరి బతుకు వాళ్ళది. కానీ దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా? ఆ క్షణానే గట్టిగా అనుకున్నాను, నేనిక్కడ ఉండనని. ఆయనను సంతకమే పెట్టుకోనీ. పదకొండేళ్ళు గడిపినవాళ్ళకు మూడేళ్ళు ఎంతసేపు?

పొద్దుగూకేసరికి కామారెడ్డిలో దిగి, తాళంచెవి ఇచ్చేసి, బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం కూర్చున్నాను. చుట్టూ మన మాటలే, మన తిట్లే. కడుపు చల్లబడింది. అప్పుడే ఫోన్ మోగింది.

"ఎట్లుందే?" అన్నాడు. గొంతులో ఆశ తెలుస్తూనే ఉంది.

నేను ఆగలేదు. కంకుల దగ్గర మొదలుపెట్టి కుక్కర్ విజిల్ దాకా లోపలున్నదంతా కక్కేశాను. "నేను సచ్చినా మూడు దినాలదాక ఎవలకు తెల్వదు. గోడలతోని సంసారం చెయ్యమంటవా? నాతోని గాదు," అన్నాను. పక్క బెంచీవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ.

"ఉన్నవా?" అన్నాను.

"ఉన్న," అన్నాడు. "నేనీడికొచ్చిన కొత్తల గట్లనే ఏడ్చిన. రూముల అందరుంటరని బాత్‌రూముల నల్లా ఇప్పుకొని. నువ్వు బుగులు పడ్తవని చెప్పలే."

"ఎన్ని దినాలు?"

"ఏమో. ఇప్పుడు ఏడుపు రాదు." కొంచెం నవ్వినట్టున్నాడు. "నీతోని కాకుంటే వద్దులే. ఉన్న ఊరు ఎందుకు ఇడిసిపెడ్తవ్? నేనే సంతకం పెడ్త. నాకలవాటే."

ఆ ఆఖరి మాటతో నాకు తెలివొచ్చింది. పదకొండేళ్ళు రోజూ ఫోన్లో చాటల దగ్గరి ముచ్చట్లు నేను చెప్పేదాన్ని, ఆయన ఊఁ కొట్టేవాడు. మాట తక్కువ మనిషి అనుకున్నాను. చెప్పడానికి ఆయన దగ్గర ముచ్చటే ఉండదని, ఆయనతో కూర్చుని ముచ్చట పెట్టే మనిషే లేడని ఒక్కనాడూ తట్టలేదు. నేను రెండు రోజులకే ఊరు దద్దరిల్లేలా ఏడ్చాను. నా మీద నాకే రోత పుట్టింది.

"పెట్టకు," అన్నాను.

"ఏంది?"

"సంతకం పెట్టకు. వచ్చెయ్. పట్నంలనే ఉందం."

"ఒక్కరు మాట్లాడరంటివి గద. గా ఇంట్ల ఎట్లుంటవే?"

"నువ్వుంటవు గద," అన్నాను.

ఎల్లారెడ్డి బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ అరుపుల్లో, ఎక్కేవాళ్ళ తోపులాటలో ఆయన వినపడలేదన్నాడు. బస్టాండంతా వినేటట్టు మళ్ళీ చెప్పాను.