నల్లగుడ్డ కింద

ప్రేమదాసు మద్రాసులో పన్నెండేళ్లు సినిమా కెమెరా తిప్పాడు. స్టూడియో దీపాల వెలుగుకు చూపు మందగించగానే పని పోయింది. నారాయణఖేడ్‌కు తిరిగొచ్చి, పాత స్టాండు కెమెరాతో ఫొటోలు తీస్తూ బతికాడు. ఎదుట ఎవరు కూర్చున్నా గడ్డం పట్టి మెల్లగా వెలుతురు వైపు తిప్పేవాడు. చూపు ఎంత తగ్గిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పనీ పోతుంది. ఒక ఉదయం వ్యాపారి చన్నబసప్ప భార్య కల్లమ్మ కాన్పులో చనిపోయింది. ఆమెది ఒక్క ఫొటో అయినా లేదని ప్రేమదాసును పిలిపించారు. లింగాయతుల ఆచారం ప్రకారం శవాన్ని కూర్చోబెట్టి విభూతి పూశారు. ప్రేమదాసు నల్లగుడ్డ కప్పుకొని చాలాసేపు కెమెరా అద్దంలోకి చూశాడు. అంతా మసక. ఫొటో పడే గాజు ప్లేటు ఉన్నది ఒక్కటే. గుడ్డ తీసేశాడు.

"సావుకారీ, నాకు కండ్లు కనిపిస్తలేవు. నువ్వే చూడు."

చన్నబసప్ప గుడ్డలో తల పెట్టాడు. "తలకిందులుగ ఉన్నది."

"గట్లనే ఉంటది. ముక్కుపుల్ల సాఫ్ కనిపించేదాక గీ మర తిప్పు."

కాసేపటికి మర ఆగింది. "కనిపిస్తున్నది."

"ఇగ బయటికి రా."

"జరసేపు చూడనియ్, దాసు."

సమాధికి వేళయిందని పెద్దలు తొందరపెట్టారు. ప్రేమదాసు ప్లేటు పట్టుకొని వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. ఫొటో బాగా వచ్చింది. ఆ తర్వాత ఖేడ్‌లో ఎవరూ అతణ్ణి ఫొటోకు పిలవలేదు.