ప్రార్థన చేయని వారం

మంగళవారం పొద్దున చర్చి వాకిలి ఊడుస్తుండగా పురానాపూల్ పాలాయన వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను, రాలేదు.

"మీ జత పోయిండయ్యా. తెల్లారంగ దవాఖానల పానం పోయింది. చెప్పాల్నని వచ్చిన, చెప్పిన" అన్నాడు. అన్నంతసేపూ నా మొహం చూడలేదు. చూడకపోవడానికి కారణం ఉంది. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు, పోయినవాడికీ తెలుసు. ఇక మీకూ తెలియాలి.

నేను ఆస్పత్రికి చేరేసరికి మా సభ సూపరింటెండెంటుగారు అప్పటికే టాంగా దిగి ఉన్నారు. వెంట పెద్ద పూలదండ, పాటలు పాడడానికి నలుగురు. "మా సువార్తికుడు. మా సభ సమాధుల తోటలోనే పెట్టుకుంటాం" అంటున్నారు. పాలాయనా, ఆయన కులంవాళ్లు పదిమందీ పాడె చుట్టూ నిలబడి దారివ్వడం లేదు.

"ఇన్నేండ్లు యాదికి లేడు, సచ్చినంక యాదికొచ్చిండా?" అని పాలాయన అరిచాడు. "పానమున్న మనిషిని ఎల్లగొట్టిన్రు. పీనుగ మాత్రం మీదంటున్రా?"

సూపరింటెండెంటుగారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు వీళ్లకు" అన్నారు.

"పాలాయన చెప్పింది నిజమే అయ్యా" అన్నాను. ఆయన ముందు అంత గట్టిగా మాట్లాడడం నాకు అదే మొదలు. పదేళ్లు ఆలస్యమైన మాట అది. చివరికి పాలవాళ్లే మోశారు. అన్ని సభలవాళ్లూ కలిసి వాడుకునే సమాధుల తోటలో, గోడవారగా పెట్టాం.

మూడో రోజు మా సభ పత్రిక నుంచి మనిషి వచ్చాడు. పోయినాయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని, "పాత సంగతులు మాత్రం వద్దు" అని చెప్పి వెళ్లాడు. కూర్చుని రాశాను. పాత సంగతులే రాశాను. అందుకే ఇది ఆ పత్రికలో రాలేదు, మీ చేతికొచ్చింది.

జత అంటే మా సభలో వాడుక మాట. పెళ్లికాని కుర్రాళ్లను ఇద్దరిద్దరిగా కలిపి రెండేళ్లు ఊరూరా వాక్యం చెప్పడానికి పంపేవారు. ఆ రెండేళ్లూ ఇంటికి పోకూడదు, బయస్కోపు చూడకూడదు, ఒకరిని విడిచి ఒకరు కదలకూడదు. తెల్ల చొక్కా, నల్ల టోపీ, భుజాన కరపత్రాల సంచి. నాకు పంతొమ్మిదేళ్లు, మెదక్ పల్లెల నుంచి వచ్చినవాణ్ని. నా జతకు ఇరవై రెండు, పట్నంలోనే పుట్టి పెరిగాడు. ఆయన పెద్ద జత, నేను చిన్న జత. నేను అన్నా అనేవాణ్ని.

మా రెండేళ్లలో ఒక్క వారం గురించే చెబుతాను. మిగతావి అన్నీ దాని వెనక దాక్కున్నాయి.

ఆ సోమవారం బార్కస్‌కు నడిచి వెళ్లాం. తలుపు కొట్టే ముందు ఆయన రెండుసార్లు దగ్గి, కాసేపు ఆగేవాడు. ఎందుకన్నా అని అడిగితే, "ఇంట్ల ఆడోళ్లుంటరు. కొంగు సర్దుకునే టైం ఇయ్యాలె గదరా" అన్నాడు. తలుపు తీసిన అరబ్బు ముసలాయన మా సంచులు చూసి నవ్వాడు. "బైఠో బేటా, ఖహ్వా పియో. మజ్‌హబ్ కీ బాతా నక్కో" అన్నాడు. కూర్చుని కాఫీ తాగండి, మతం మాటలు మాత్రం వద్దు అని. అన్న కూర్చున్నాడు. గంటసేపు జామచెట్లకు అంటు ఎలా కడతారో అడిగి తెలుసుకున్నాడు. ఏ ఇంట్లోనూ పావుగంట మించి కూర్చోకూడదని మా నియమం. నాకు కాళ్ల కింద నిప్పులు పోసినట్టుంది.

"ఒక్క వాక్యం గూడ చెప్పకపోతివన్నా" అన్నాను బయటికొచ్చాక.

"వద్దన్నడు గదా. వద్దంటే వద్దే."

మంగళవారం పత్తర్‌గట్టిలో కరపత్రాలు పంచాం. సాయంత్రం అదే దారిన తిరిగొస్తుంటే ఒక దుకాణంలో వాటినే పొట్లాలు చుట్టి సోంపు అమ్ముతున్నారు. నేను లొల్లికి దిగబోతే అన్న నా చెయ్యి పట్టి లాగాడు. "ఫికర్ చెయ్యకు. తినుకుంట సదువుతరు తియ్" అన్నాడు. అప్పుడు నాకు ఆయన మీద కోపం. ఈయనకు భక్తి లేదనుకున్నాను. ఆ వయసులో భక్తి అంటే కోపమే అనుకునేవాణ్ని.

బుధవారం పురానాపూల్. ఆ నెలలో మూసీ వారగా గత్తర, అంటే కలరా, తగిలింది. బావుల్లో ఎర్రమందు కలిపారు. ఒక సందు మొత్తం ఖాళీ అయింది, ఇళ్లకు తాళాలున్నాయి. సందు చివర మాత్రం బర్రెలు అరుస్తున్నాయి. అది ఆకలి అరుపు కాదని అన్న కనిపెట్టాడు. "పాలు పిండలేదురా. పొదుగులు పగులుతున్నయ్" అని అటు నడిచాడు.

కొట్టం పక్కన ఇల్లు. పాలాయన తల్లి అంతకుముందు రోజే పోయిందట. పాలాయన చాప మీద సోయి లేకుండా పడున్నాడు. నెలలు నిండిన ఆయన భార్య గోడ పట్టుకుని నిలబడింది, బిందె ఎత్తే బలం లేదు.

"ఎవ్వలు రాకున్రి అన్నా. మీరెవరో గాని లోపలికి రావద్దు, ఇది గత్తర" అందామె.

మా నియమం ప్రకారం అంటురోగమున్న ఇంటి గడప తొక్కకూడదు. గుర్తుచేశాను. అన్న సంచి తీసి నా మెడలో వేశాడు.

"నీ రూలు సంచిల పెట్టుకో. ఆ బిందె ఇటు తే."

నేను బిందె తెచ్చి గడప బయట పెట్టి వెనక్కి జరిగాను. ఆ రోజు నుంచి శనివారం దాకా నేను చేసిన పని అంతే. ఎదుటింటి అరుగు మీద ముక్కుకు గుడ్డ కట్టుకుని బైబిలు చదువుతూ కూర్చున్నాను. ఆయన నీళ్లు మరగబెట్టాడు. ఉప్పు వేసిన గంజి చెంచాతో పాలాయన నోట్లో పోశాడు, కక్కితే తుడిచి మళ్లీ పోశాడు. బట్టలు తీసుకెళ్లి కాల్చాడు. బర్రెల పాలు పిండి, ఆ ఇంటి పాలు ఎవరూ తాగకూడదని, గొయ్యి తీసి అందులో పోశాడు. సాయంత్రానికి మోచేతులు వాచాయి.

గురువారం పాలాయనకు చేతులు కాళ్లు చల్లబడ్డాయి. ఆయన భార్య ఏడుస్తోంది. నేను అరుగు మీద నుంచే అరిచాను: "ఇప్పుడన్నా ప్రార్థన చెయ్యన్నా! ప్రభువు పేరు చెప్పు!"

ఆయన బయటికొచ్చాడు. అంత కోపం ఆయన మొహంలో అంతకుముందు చూడలేదు.

"ఆమెకు వద్దనే బలముందారా ఇప్పుడు? గంజి పోసేటోడు ఏది చెప్తే దానికి ఊ అంటది. వద్దనలేనోళ్ల ముంగట దేవుని ముచ్చట తీసుడు దొంగతనం. నీకు ప్రార్థన చెయ్యాల్నని ఉంటే ఆడ కూసోని చేస్కో. నోరు మూస్కోని చేస్కో."

శుక్రవారం మధ్యాహ్నం పాలాయన కళ్లు తెరిచాడు. సన్నటి గొంతుతో అడగడం అరుగు దాకా వినిపించింది. "నువ్వెవ్వనివి భాయ్? నిన్ను ఏ దేవుడు తోలిండు?"

"ముందుగాల లేచి నడువు. గప్పుడు అడుగు, చెప్తా. నేను యాడికి పోను" అన్నాడు అన్న.

ఈ మాట గుర్తుంచుకోండి. నేను స్పష్టంగా విన్నాను.

శనివారం సాయంత్రం సూపరింటెండెంటుగారి గదిలో జతలన్నీ వారం రిపోర్టు చెప్పాలి. ఎన్ని ఇళ్లు, ఎంతమంది విన్నారు, ఎంతమంది ఒప్పుకున్నారు. అన్న వంతు వచ్చింది.

"ఒక్కటే ఇల్లు అయ్యా. వాక్యం చెప్పలే. నీళ్లు పోసిన" అన్నాడు.

"చావు గడప మీదున్న ఇంట్లో నాలుగు రోజులుండి రక్షకుడి పేరు చెప్పలేదా? అంతకన్నా తెరిచిన తలుపు ఎక్కడ దొరుకుతుంది? ఈపాటికి ఆ ఇల్లు మనదయ్యేది."

"అందుకే చెప్పలేదయ్యా."

సూపరింటెండెంటుగారు నన్ను చూశారు. "నువ్వు చెప్పు. ఒక్కసారైనా పేరు ఎత్తాడా?"

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. పాలాయన అడిగిన ప్రశ్న చెప్పొచ్చు. లేచాక చెబుతానన్న జవాబు చెప్పొచ్చు. నాలుగు రోజులు నేనెక్కడ కూర్చున్నానో కూడా చెప్పొచ్చు. మొదటి రెండూ చెబితే మూడోది అడుగుతారని భయపడ్డాను.

"లేదయ్యా" అన్నాను.

అది అబద్ధం కాదు. ఇన్నేళ్లుగా నన్ను కాల్చేది అదే. అబద్ధమైతే ఎప్పుడో ఒప్పుకుని ఏడ్చి కడుక్కునేవాణ్ని. నిజాన్నే కత్తిలా వాడాను.

ఆదివారం ఆరాధనలో ఆయన్ని సభ నుంచి తీసేసినట్టు చదివించారు. చదివింది నేనే. ఆయన వెనక బల్ల మీద కూర్చుని పూర్తిగా విన్నాడు. లేచి, టోపీ బల్ల మీద పెట్టి, బయటికి వెళ్లాడు. మరుసటి వారం నన్ను పెద్ద జతను చేశారు. తర్వాత పాస్టరును చేశారు. ఇవాళ్టికీ జనం నాకు దండం పెడతారు. పెట్టినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

అన్న పాలవాళ్ల కొట్టంలోనే ఒక మూల ఉండి, అంటురోగాల ఆస్పత్రిలో వార్డు పనికి కుదిరాడు. పాలాయన భార్య కూతుర్ని కన్నది. లేచి నడిచాక పాలాయన తన ప్రశ్న మళ్లీ అడిగాడట. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారట. ఏం మాట్లాడుకున్నారో అన్న నాకెప్పుడూ చెప్పలేదు. పాలాయన మాత్రం క్రైస్తవుడు కాలేదు, ఇప్పటికీ మల్లన్నకు ముగ్గులతో పట్నం వేసి కొలుస్తాడు. ఆ తర్వాత ఆ సందుకు ఎప్పుడు జబ్బు వచ్చినా జనం ముందు అన్ననే పిలిచేవారు. చివరికి వార్డులోనే ఛాతీ జబ్బు అంటుకుంది. ముప్పై అయిదేళ్లు కూడా నిండలేదు.

సూపరింటెండెంటుగారి మీద నాకు కోపమే. అంతకన్నా నా మీద కోపం. ఒక్కోసారి అన్న మీద కూడా కోపం వస్తుంది, నన్ను ఒక్క మాటైనా అననందుకు. తిట్టి ఉంటే నా బరువు కొంత దిగేది.

పోయినేడు ఎండాకాలంలో ఒక రోజు ధైర్యం చేసి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. మూసీలో బండల మీద ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతున్నాడు. ఆ దుప్పట్లు ముట్టడానికి చాకళ్లు భయపడుతున్నారట. బాగా చిక్కిపోయాడు, దగ్గుతున్నాడు.

"అన్నా, ఆ శనివారం నేను..." అని మొదలుపెట్టాను.

ఆయన తడి దుప్పటి ఒక కొస నా చేతిలో పెట్టాడు.

"పట్టు. ఒక్కనితోని అయితలేదు" అన్నాడు.

పట్టుకున్నాను. ఆయన అటు తిప్పాడు, నేను ఇటు తిప్పాను. దుప్పటి తాడులా మెలిపడి మా మధ్య బిగుసుకుంది.

"ఇంకింత గట్టిగ" అన్నాడు.

బురద నీళ్లు ముందు ధారగా కారాయి, తర్వాత చుక్కలయ్యాయి. ఆయన వదలలేదు, నేనూ వదలలేదు.