నా ముఖం పెట్టొద్దని చెప్పలేదు

ఈ రోజు పావగడ బస్టాండులో టీ తాగుతుంటే, ముక్కూ ముఖం తెలియని ఒకాయన నన్ను చూసి నవ్వాడు. "సోలార్ కంచె కాడ గొర్రెలతో మాట్లాడే ఆయప్ప నువ్వే కదప్పా?" అంటూ ఫోన్‌లో రీల్ చూపించాడు. అందులో ఉన్నది నేనే.

రాయచెర్లులో మా చేను సోలార్ ప్లాంటు వాళ్లకు లీజుకిచ్చాం. ఇప్పుడు కంచె బయట గొర్రెలు మేపుకుంటున్నాను. వీడియోలో నేను లోపలి ప్యానెళ్ల వైపు చెయ్యి చూపిస్తూ, మా ముసలి గొర్రెతో అంటున్నాను: "మన శెనక్కాయ చేను ఆడే కదమ్మా ఉన్నింది, నీకన్నా గుర్తుండాదా?" ఆ వీడియో కింద వరసగా నవ్వే బొమ్మలు పెట్టారు జనం.

పెట్టింది నా కూతురు, పదో తరగతి. ఆదివారం నాకు సంగటి తెచ్చినప్పుడు వెనక నుంచి వచ్చి, ఓ పక్కన నిలబడి తీసిందట. రీల్స్‌లో ముఖం పెట్టకూడదన్న షరతు మీదే దానికి ఫోన్ కొనిచ్చాను.

ఇంటికొచ్చి అడిగితే తల కూడా ఎత్తలేదు.

"నా ముఖం పెట్టొద్దంటివి, పెట్టలేదు. నీ ముఖం పెట్టొద్దని ఎప్పుడు చెప్పినావు నాయినా?"

వాళ్లమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమెకు ముందే తెలుసట!

వీడియో తీసేసిందిలెండి. పిల్లలకు షరతులు పెట్టేటప్పుడు మీ ముఖం కూడా అందులో చేర్చుకోండి. ఇంకేమైనా మర్చిపోయానేమో మీరే చెప్పండి.

ఇంట్లో చెప్పుకోలేని మాటలు ఇన్నేళ్లూ ఆ గొర్రెలకే చెప్పుకున్నాను. రేపటి నుంచి వాటితో మాట్లాడాలన్నా వెనక్కి తిరిగి చూసుకోవాలి.